చాకీ గదిలో పొగ: ఒక క్యాటలిటిక్ కట్టెల పొయ్యి కేస్ స్టడీ

డిసెంబరులో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. అవతల చాకీ సెంటర్ (పట్టుపురుగు పిల్లలను సాకే చోటు) నడిపే అన్న. “ఏం సార్, మీరు పెట్టిచ్చిన పొయ్యి ఈ తూరి పొగ తప్ప ఏమీ ఇయ్యడం లేదు. పురుగులు ఆకు ముట్టడం లేదు. రేపు ఒకసారి వచ్చి పోండి.” ఆయన మాటల వెనకాల ఎవరో ఆపకుండా దగ్గుతున్నారు.

నాది అనంతపురంలో ఫ్యాబ్రికేషన్ షాపు. డ్రయ్యర్లు, చిన్న బాయిలర్లు, హాస్టళ్ళకు పొయ్యిలు చేస్తాం. పొగను కాల్చేసే క్యాటలిస్టు పెట్టి చేసిన కట్టెల పొయ్యిలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కళ్యాణదుర్గం రోడ్డులో ఈ చాకీ సెంటర్‌కు పెట్టింది అందులో ఒకటి. రెండు చలికాలాలు బాగా నడిచి మూడో చలికాలంలో మొరాయించింది. తప్పులో నా వాటా కూడా ఉంది కాబట్టి ఏమీ దాచకుండా రాస్తున్నాను.

పట్టు పని తెలియనివాళ్ళకు రెండు మాటలు. జిల్లా విడిపోయాక హిందూపురం, ధర్మవరం అటు పోయినా, మల్బరీ మా వైపు కూడా ఉంది. గుడ్డు నుంచి బయటపడ్డ పురుగు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, నల్లటి నూలుపోగు ముక్కలాగా. రెండో జ్వరం (ఆకు మాని పాత చర్మం విడిచే దశ) లేచేదాకా దాన్ని చాకీ గదిలో సాకి, ఆ తర్వాత రైతులకు ఇస్తారు. ఈ దశలో గది 27, 28 డిగ్రీలు ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాకా ఉండాలి. మా దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు 16, 17కు దిగుతాయి. చలికి పురుగు ఆకు తినదు, జ్వరానికి ఆలస్యంగా కూర్చుంటుంది, అదీ అన్నీ ఒకేసారి కూర్చోవు. సగం లేచి సగం పడుకుని ఉన్న తట్టకు ఆకు వేయాలో మానాలో తెలియదు. ఇక పొగంటే పురుగుకు అసలే పడదు. బీడీ తాగి వచ్చినవాణ్ణి కూడా లోపలికి రానీయరు.

అంతకుముందు వీళ్ళు బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు. మూసిన గదిలో కుంపటి అంటే కార్బన్ మోనాక్సైడ్, పొరపాటున మనిషి అక్కడే నిద్రపోతే ప్రాణం మీదికి వస్తుంది. కరెంటు హీటర్లు పెడితే బిల్లు ఒక బాధ, తెల్లవారుజామున కరెంటు పోతే ఇంకో బాధ. అందుకే పొయ్యి నోరు వరండాలో, ఒళ్ళు గదిలో ఉండేలా చేసిచ్చాను. కట్టె వేసేదీ బూడిద తీసేదీ వరండాలోనే. లోపలికి వచ్చేది ఇనుము వేడి ఒక్కటే.

క్యాటలిస్టు ఎందుకని చాలామంది అడుగుతారు. రాత్రంతా నెమ్మదిగా కాలాలి కాబట్టి. పెళ్ళి వంట పొయ్యిలో మంట భగభగమంటుంది, పొగ ఆ మంటలోనే కాలిపోతుంది. గాలి బిగించి సన్నగా కాల్చినప్పుడు కట్టెలోంచి వచ్చే వాయువులు, తారు ఆవిరి కాలకుండానే గొట్టం ఎక్కుతాయి. మనం పొగ అనేది దాన్నే. అదంతా కాలని కట్టే. మామూలుగా అది అంటుకోవాలంటే 600 డిగ్రీల దాకా వేడి కావాలి. పల్లాడియం, ప్లాటినం పూత ఉన్న పింగాణీ తేనెతుట్టెలోంచి పోనిస్తే 260 దగ్గరే అంటుకుంటుంది. క్యాటలిస్టు అంటే ఆ తేనెతుట్టే. అలా అంటుకున్న వేడికి తేనెతుట్టె ఐదారు వందల డిగ్రీలకు ఎక్కి, తన వేడితో తానే పని నడుపుకుంటుంది. ఇది చలి దేశాల సరుకు. అమెరికాలో 1988లోనే కట్టెల పొయ్యి పొగకు హద్దు పెట్టారు; 2020 మే నుంచి అమ్మే పొయ్యి గంటకు 2 గ్రాముల పొగకన్నా ఎక్కువ వదలకూడదు, మామూలు చీల్చిన కట్టెతో పరీక్షిస్తే రెండున్నర. అక్కడ ఇల్లు వెచ్చబెట్టడానికి వాడేది ఇక్కడ పురుగుల గదికి పనికొచ్చింది.

తేనెతుట్టెకు ముందు ఒక బైపాస్ డ్యాంపర్ ఉంటుంది. వెలిగించేటప్పుడు అది తెరిచి పొగను నేరుగా గొట్టంలోకి వదలాలి, వేడెక్కాక మూసి తేనెతుట్టెలోంచి పంపాలి. అక్కడ రాత్రి కాపలా ఉండే పెద్దాయన దానికి ‘దొడ్డిదారి’ అని పేరు పెట్టినాడు. నాకు నచ్చి నేనూ అదే వాడుతున్నాను.

మర్నాడు సాయంత్రం అయిదుకు వెళ్ళాను. గొట్టం తలకాయ చుట్టూ రేకు మీద నల్లటి జిగురు కారి ఎండింది, చూడగానే సగం అర్థమయింది. ముందు కట్టె చూశాను. వరండా గోడకు సర్కారు తుమ్మ పేర్చి ఉంది. అన్న తేమ మీటరు తెచ్చి ఒక దుంగ పైన గుచ్చి చూపించాడు: 13 శాతం.

“ఎండిన కట్టే సార్. అనంతపురంలో పచ్చి కట్టె యాడుంటుంది?”

మన ఊరి ఎండ చేసే మోసమే ఇది. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మాదొకటి. పొడిగాలికి వారం తిరిగేసరికి కట్టె పైన పగుళ్ళిచ్చి ఎండినట్టు కనిపిస్తుంది. అదే దుంగను గొడ్డలితో చీల్చి, అప్పుడే తెరుచుకున్న మధ్యభాగంలో సూదులు గుచ్చాను. 28. ఇంకోటి చీల్చితే 31. నవంబరు వానల తర్వాత కొట్టిన కంప అది. అంతకుముందు రెండేళ్ళు వీళ్ళు కాల్చింది తీసేసిన తోటలోని చీనీ (బత్తాయి) కట్టె, ఏడాదికి పైగా ఎండింది. కాల్చాల్సిన కట్టెలో 20కి మించి తేమ ఉండకూడదు.

దీని మీద ఒక పిడివాదం ఉంది. తడి కట్టెలో నీళ్ళను ఆవిరి చేయడానికే వేడంతా పోతుందంటారు. లెక్క వేసి చూడండి. పది కిలోల కట్టెలో మూడు కిలోల నీళ్ళున్నాయనుకుందాం. వాటిని ఆవిరి చేయడానికి ఏడు మెగాజౌళ్ళు, కొంచెం అటూ ఇటూ. మిగిలిన ఏడు కిలోల కట్టె ఇచ్చే వేడి 120కి పైనే. పోయేది ఆరు శాతం! అసలు నష్టం అక్కడ లేదు. ఆ ఆవిరి మంటను చల్లార్చి, పొగ అంటుకునే వేడి కిందికి లాగేస్తుంది. అక్కడినుంచి కట్టెలో సగం సారం కాలకుండా గొట్టంలోంచి ఊరి మీదికి పోతుంది. పైగా, ఎర్రగా కాలిన తేనెతుట్టె మీదికి ఒక్కసారిగా తడి ఆవిరి కొడితే పింగాణీ పగులుతుంది కూడా.

సరే, దొంగ దొరికాడనుకున్నాను. కొట్టంలో మిగిలిన పాత చీనీ కట్టెలోంచి ఓ నలభై కిలోలు తెప్పించాను. చీల్చి చూస్తే 15, 16. “ఇది కాల్చండి, పొగ రాదు” అని చెప్పి బండెక్కబోయాను. అన్న భోజనం చేసి పొమ్మన్నాడు. రాగి సంగటి, శెనక్కాయల చట్నీ. ఆ సంగటే నన్ను కాపాడింది, లేకపోతే తప్పుడు మందు రాసిచ్చి వెళ్ళిపోయేవాణ్ణి.

ఏడూ పదికి వెలిగించాం. దొడ్డిదారి తెరిచి, సన్న పుల్లలు, వాటి మీద మణికట్టు లావు కట్టెలు. ఏడూ నలభైకి తేనెతుట్టె వేడి చూపే డయల్ ముల్లు 260 దాటింది. మూసేశాం. మామూలుగా అయితే అక్కడినుంచి పది, పదిహేను నిమిషాల్లో 450కి ఎక్కాలి, గొట్టం మీద పొగ మాయం కావాలి. ముల్లు 290 దాకా వెళ్ళి నిలబడింది. గాలి మూత కొంచెం బిగించగానే దిగడం మొదలు. ఎనిమిదిన్నరకు 240. బయటికి వెళ్ళి టార్చి వేసి చూశాను. గొట్టంలోంచి నీలం పొగ బయటికొచ్చి, పైకి పోకుండా రేకు మీద పడి, కిటికీ వైపు పాకుతోంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చలి రాత్రి గొట్టం మీద తెల్లగా కనిపించేదంతా పొగ కాదు. కట్టెలో తేమ, కాలినప్పుడు పుట్టే నీరు ఆవిరై వస్తాయి. అది గొట్టం దాటి రెండు మూడు అడుగుల్లో కరిగిపోతుంది. పొగ కరగదు, నీలంగానో బూడిద రంగులోనో తోకలా సాగుతుంది, ముక్కుకు తెలుస్తుంది. మేం చూసింది అచ్చమైన పొగ.

ఎండిన కట్టెతోనూ అదే తంతు. అంటే కట్టె ఒక్కటే కాదు. ఆ రాత్రికి గాలి పూర్తిగా తెరిచి మంట పెద్దది చేసి నెట్టుకొచ్చాం. గదిలో వేడి నిలబడింది గానీ తెల్లారేసరికి నలభై కిలోలూ అయిపోయాయి. మొదటి ఏడాది అదే గదికి రాత్రికి 22, 23 కిలోలు సరిపోయేది.

పొద్దున పదకొండుకు పొయ్యి చల్లారాక విప్పాను. కొత్తగా ఉన్నప్పుడు ఆ తేనెతుట్టె గళ్ళలోంచి ఆకాశం కనిపిస్తుంది, ఒక్కో గడిలో అగ్గిపుల్ల తలకాయ సులువుగా దూరుతుంది. ఇప్పుడు పొగ వచ్చే వైపు ముఖమంతా పిండి చల్లినట్టుంది. మామూలు బూడిదైతే బూడిద రంగులో, ఊదితే లేచిపోయేంత తేలిగ్గా ఉంటుంది. ఇది తెల్లగా, అంటుకుని, గోరుతో గీకితే పెళుసుగా రాలుతోంది. గళ్ళలో మూడో వంతు పూర్తిగా మూసుకుపోయాయి. బూడిద తొట్టిలో చెయ్యి పెట్టి వెతికితే దొరికినవి రెండు. ఒకటి, సగం కాలి మెరుస్తున్న మైనం కాగితం ముక్క. రెండు, సున్నపు ఉండ.

పెద్దాయన్ని పిలిచి అడిగాను, కోపంగా కాదు.

“పెద్దాయనా, పొయ్యి దేంతో అంటిస్తావు?”

“తట్టల్లోంచి తీసిన చెత్త ఉంటుంది కదా నాయనా, పాత కాగితాలు, ఎండిన ఆకు, పుల్లలు. జబ్బు పురుగులున్న పడక బయట పారేయొద్దు, కాల్చేయాల అని సారోళ్ళు చెప్పిరి కదా. ఎట్లా పొయ్యి మండుతుంటే అందులోనే వేస్తాండా.”

చూడండి, ఆయన చేసింది తప్పని ఎలా అంటాం? జబ్బు పురుగును కాల్చమని పట్టు పరిశ్రమవాళ్ళు చెప్పింది నిజం. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు పడక మీద సున్నం చల్లుతారు, అదీ పద్ధతే. గదిని బ్లీచింగ్ పొడితో కడుగుతారు, లేచిన పురుగుల మీద మందు పొడి చల్లుతారు. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. అన్నీ కలిసి నా తేనెతుట్టెలో కూర్చున్నాయి. సున్నం పొడి ఎగిరి గళ్ళు మూసింది. బ్లీచింగులోని క్లోరిన్, మందు పొడులు పూతను మొద్దుబార్చి ఉంటాయి. మైనం కాగితానికి విషం లేదు గానీ పొడుగాటి మంటతో లేస్తుంది, ఆ మంట నాలుక నేరుగా తేనెతుట్టెను తాకుతుంది. తేనెతుట్టెకు పొగ కావాలి, మంట తగలకూడదు. మల్బరీ మోపులు కట్టిన ప్లాస్టిక్ పురి కూడా పోతోందని తర్వాత తెలిసింది.

పొయ్యి అప్పగించిన రోజు నేను గంటసేపు పాఠం చెప్పాను, ప్లాస్టిక్ వద్దు, రంగు వేసిన చెక్క వద్దు, చెత్త వద్దని. చెప్పింది అన్నకు. ఆయన తలూపాడు, నేను బిల్లు తీసుకున్నాను. రాత్రి పదింటికి, రెండింటికి, తెల్లవారుజామున అయిదింటికి కట్టె వేసే మనిషి ఆ పూట అక్కడ లేడు. నా వాటా అన్నది ఇదే.

ఇంకో వాటా కూడా బయటపడింది. పొయ్యిలోపల టార్చి పెట్టి, దొడ్డిదారి మూసి, పైనుంచి చూస్తే పలక అంచు వెంట సన్నటి వెలుగు గీత. సందు మూయడానికి నేను వేసిన గాస్కెట్ తాడు సన్నది, రెండేళ్ళ వేడికి అణిగిపోయింది. అంటే మూసినా కొంత పొగ దొడ్డిదారిన పోతూనే ఉంది. తలుపు తాడు మాత్రం బాగుంది: పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగితే గట్టిగా పట్టుకుంటోంది.

శుభ్రం చేసేటప్పుడు కంప్రెసర్ గాలి కొట్టకూడదు, ఇనుప బ్రష్ తగలకూడదు. పూత ఊడొస్తుంది. పెయింట్ కొట్టే మెత్తని బ్రష్‌తో, వ్యాక్యూమ్ క్లీనర్ పక్కన పట్టుకుని, ఒక్కో వరుసా దులిపాను. అప్పటికీ గళ్ళ గోడలకు తెల్లటి పొర ఉంది. ఇక ఉడకబెట్టడమే. తెల్ల వెనిగర్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, సన్నని మంట మీద అరగంట. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌లో పావుగంట చొప్పున రెండుసార్లు. బోరు నీళ్ళు వాడొద్దు, మన నీళ్ళలో ఉన్న ఉప్పంతా మళ్ళీ గళ్ళలోనే పేరుకుంటుంది. గిన్నె కోసం ఇంట్లో అడిగితే అక్క స్టీలు గిన్నె ఇచ్చింది గానీ, “అది మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు” అంది. ఆ పులుపు ఘాటు చూశాక ఆమెదే న్యాయమనిపించింది. నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి. నీడలో ఒక రోజంతా ఆరబెట్టి, చుట్టూ కొత్త గాస్కెట్ చుట్టి, దొడ్డిదారికి లావు తాడు వేసి బిగించాను.

మూడో రాత్రి, చీనీ కట్టెతోనే. 260కి మూస్తే ఏమీ జరగలేదు. 310 దగ్గర మూస్తే మెల్లగా అందుకుంది, 400 దాకా ఎక్కి నిలబడింది. పొగ చాలావరకు తగ్గింది, పోలేదు. గాలి బాగా బిగిస్తే మళ్ళీ దిగిపోతోంది. అంటే గళ్ళు తెరుచుకున్నాయి గానీ పూత మునుపటిలా లేదు. సరిగ్గా వాడితే పది, పన్నెండు వేల గంటలు రావాల్సింది. ఇది కాలింది రెండు చలికాలాలు, పైన కొన్ని వారాలు. రెండు వేల గంటలు కూడా దాటి ఉండదు.

కొత్తది తెప్పించక తప్పలేదు. దాని ఖర్చు పొయ్యి ఖరీదులో మూడో వంతు దగ్గర పడింది; సగం నేను పెట్టుకున్నాను. అన్న వద్దన్నాడు, నేను వినలేదు. అది వచ్చేదాకా పన్నెండు రోజులు పాతదాన్నే పెద్ద మంటతో నడిపాం. ఆ బ్యాచ్ మొదటి జ్వరానికి దాదాపు ఒక రోజు ఆలస్యంగా కూర్చుంది, కొన్ని తట్టల్లో ఎగుడుదిగుడుగా లేచాయి. అన్న ఆ తట్టలను ఏరి విడిగా సాకాడు. పొగ వల్లేనా, వేడి నిలకడ లేకనా అంటే రెండూ ఉన్నాయంటాను.

కొత్తది పెట్టిన రోజు పాఠం ఈసారి పెద్దాయనకు, వరండాలో, నిప్పు ముందర. ఆయనకు అంకెలు చదవడం రాదు. అన్న కూతురి గోళ్ళరంగు తీసుకుని డయల్ మీద 260 దాకా ఎరుపు పూశాను, ఆ పైన 750 దాకా ఖాళీగా వదిలేసి, అక్కడినుంచి మళ్ళీ ఎరుపు. ముల్లు మొదటి ఎరుపులో ఉంటే దొడ్డిదారి తెరిచే ఉండాలి. ఎరుపు దాటాక ఇంకో అయిదు నిమిషాలు ఆగి మూయాలి, అప్పుడే మంట కాస్త తగ్గినా నిలబడుతుంది. మూశాక గాలి ఒక్కసారిగా బిగించకుండా మూడు విడతల్లో తగ్గించాలి. మళ్ళీ కట్టె వేయాలంటే ముందు దొడ్డిదారి తెరిచి, తలుపు ఒక వేలు సందు తీసి, పది లెక్కపెట్టి, అప్పుడు పూర్తిగా తీయాలి. లేకపోతే పొగ మొహం మీదికి కొడుతుంది. పెద్దాయన ఇవన్నీ విని ఒకే ప్రశ్న వేశాడు: “రెండో ఎరుపు దగ్గరికి పోతే?” గాలి మూత బిగించు, తలుపు మాత్రం తీయకు అన్నాను. తలుపు తీస్తే గాలి ఎగదోసుకొచ్చి మంట నేరుగా తేనెతుట్టెను నాకుతుంది.

తట్టల చెత్తకు షెడ్డుకు దూరంగా, గాలివాలు చూసి ఒక పాత డ్రమ్ము పెట్టించాం. పొయ్యి పక్కన ఎండిన కొబ్బరి పీచు, సన్నగా చీల్చిన చీనీ పుల్లలు తప్ప ఇంకేమీ ఉండకూడదని అన్న చెప్పాడు. తుమ్మ కట్టెనంతా చీల్చి, నేల తగలకుండా దిమ్మెల మీద పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి వచ్చే ఏటికి వదిలేశాం. పక్కలు కూడా టార్పాలిన్‌తో మూసేస్తే ఉక్కకు బూజు పడుతుంది తప్ప ఎండదు. వరండాలోనూ గదిలోనూ చెరో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాను. అది నేను మొదటిరోజే పెట్టాల్సింది.

గొట్టం గురించి ఒక మాట. చలి దేశంలో బయట సున్నాకు కింద ఉంటుంది కాబట్టి గొట్టం బాగా లాగుతుంది. మన దగ్గర బయటే 17, కొన్ని రాత్రులు 20. అదే గొట్టానికి లాగుడులో పావు వంతు దాకా పోతుంది. వాళ్ళ కొలతలు చూసి నేను 15 అడుగులు పెట్టాను. ఇప్పుడు ఇంకో మూడడుగులు పెంచి, జంట గొట్టం మధ్య రాక్‌వుల్ (వేడి పోకుండా ఆపే రాతి పీచు) కూరాను. పొగ రేకు మీద పడటం దానితో ఆగింది. పొయ్యి వేడికి గదిలో తేమ 60కి పడిపోతుండేది, దానికి తడి గోనె సంచులు వేలాడదీయడం వాళ్ళకు ముందే తెలుసు.

కొత్త తేనెతుట్టెతో రాత్రికి కట్టె మళ్ళీ 22 కిలోలకు వచ్చింది. గది 27కు అటూ ఇటూ ఒక డిగ్రీ. నెలకోసారి విప్పి బ్రష్‌తో దులపమన్నాను, అన్న సంక్రాంతికి ముందు ఒకసారి దులిపి ఫోటో పంపాడు. లేత బూడిద రంగు, ఊదితే పోయేది.

జనవరి చివర్లో ఒక తెల్లవారుజామున అయిదుకు పెద్దాయన ఫోన్. గుండె జారింది.

“నాయనా, గొట్టం మీద పొగ కనపడలేదు, పొయ్యి ఆరిపోయిందేమో అని పోయి చూసినా. లోపల కట్టె ఎర్రగానే ఉంది. ముల్లు ఎరుపు దాటి నడిమధ్యలో ఉంది. గొట్టం మీద గాలి మాత్రం ఎండాకాలం రోడ్డు మీద ఆడినట్టు ఆడతాంది. ఇది బాగున్నట్టేనా?”

బాగున్నట్టే పెద్దాయనా, పడుకో అన్నాను.